ఎర్ర పేలిక కట్టని గట్టు

పొద్దున చేలోకి దిగగానే హనుమంతు చేసే మొదటి పని ఒక చెరుకు పిలకను తినడం. సాలు మొదట్లో వంగి, మొవ్వు ఎండిన పిలకను వెతికి, మొదలుకంటా లాగుతాడు. ఎండిన మొవ్వును ఊడదీసి, అందులోని పురుగును కాలి కింద నలిపేస్తాడు. మిగిలిన పచ్చి మట్టను భుజం మీది తువ్వాలతో తుడిచి నోట్లో పెట్టుకుంటాడు. నమిలి, పిప్పి ఉమ్మకుండా మింగేదాకా అక్కడే నిలబడతాడు. ఆ తర్వాతే గంప తీసుకుని మిగతా పిలకలు పీకడం మొదలుపెడతాడు. పిలకలు గడలయ్యాక, కింది ఎండాకు ఒలిచే నెలల్లో, పచ్చాకు కొస తింటాడు. చేలో పని లేని రోజున కూడా ఇందుకోసం ఒకసారి వచ్చి పోతాడు.

మక్తల్ నుంచి మా ఊరికి వచ్చే రోడ్డు ఆ చేను పక్కనుంచే పోతుంది. "పొద్దుగాల్నే గడ్డి మేస్తుండు సూడున్రి" అని బస్సు కిటికీలోంచి నవ్వినవాళ్లున్నారు. ఆయన తల ఎత్తడు.

హనుమంతు నాకు పెద్దనాయిన. మా నాయినకు అన్న. ఆయన గురించి రాస్తానని చెప్పాను. "రాయి బిడ్డా, గని మంచిగ రాయకు" అన్నాడు. "మంచిగ రాస్తే అబద్ధమైతది."

ఇరవై ఏళ్లకు పైగా ఆయనది చెరుకే. జూరాల కాలువ నీళ్లు కొంత, బోరు నీళ్లు కొంత. అందరిలాగే పురుగు కనబడితే మందు తెచ్చి పోసేవాడు, కనబడకపోయినా పోసేవాడు. మా ఊళ్లో మందు పోసినవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరు పోసినా సరే, గట్టు మొదట్లో కట్టె పాతి ఎర్ర గుడ్డ పేలిక కట్టాలి. పదిహేను రోజులు అది అక్కడ ఉండాలి. అది చూసి గొర్రెలు తోలేవాళ్లు దూరం నుంచే మందను మళ్లిస్తారు. ఇది రాసుకున్న రూలు కాదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పొరుగువాడితో మాటలు లేనివాడు కూడా పేలిక మాత్రం కడతాడు.

వ్యవసాయ విస్తరణ అధికారిగా కరుణ మేడం మా ఊరికి వచ్చిన కొత్తలో ఒకరోజు స్కూటీని గట్టు మీద ఆపి, "పెద్దాయనా, ఎండిన పిలక ఒకటి పీకుండ్రి" అంది. పీకి ఇచ్చాడు. ఆమె గోటితో మట్ట చీల్చింది. లోపల కుళ్లు వాసన, ఊదారంగు చారలతో ఒక తెల్లటి పురుగు.

"ఇరవై ఏండ్లాయె చెరుకు వెట్టవట్టి. దీని మొకం సూసుడు ఇయ్యాల్నే," అన్నాడు హనుమంతు.

"మొకం సూడకుండనే ఇన్నేండ్లు మందు పోసిండ్రన్నట్టు."

ఆ మాట ఆయనకు పట్టుకుంది. మరుసటి ఏడు నుంచి ఆమె చెప్పినట్టే చేశాడు. నాటిన మూడో రోజే సాళ్ల మధ్య చెరుకు చెత్త పరిచాడు. నేల చల్లగా ఉంటే మొవ్వు తినే ఈ పీక పురుగు జోరు తగ్గుతుందట. నెల దాటాక ఆమె ఇచ్చిన కార్డులను ముక్కలు చేసి ఆకుల అడుగున గుచ్చాడు. ఆ కార్డుల మీద గసగసాల్లాగా నల్లని గుడ్లుంటాయి. వాటిలోంచి కంటికి ఆననంత చిన్న ఈగలు పుట్టి, పీక పురుగు గుడ్లను వెతికి పాడుచేస్తాయి. రెక్కల పురుగులను పట్టే ఎర బుట్టలు కట్టాడు. వారానికోసారి చేను అడ్డంగా నడుస్తూ నూరు పిలకలు లెక్కపెట్టి, ఎన్ని ఎండాయో చూసేవాడు. "పదిహేను దాటేదాక ఫికర్ వద్దు. చచ్చిన దాని పక్కనుంచి రెండు లేస్తయి, చెరుకే సర్దుకుంటది. పదిహేను దాటితే నాకు ఫోన్ చెయ్యుండ్రి" అని మేడం చెప్పింది. ఎండిన పిలకలను మాత్రం పురుగు లోపల ఉండగానే పీకి, కాల్చేయమంది.

కాల్చడం మాన్పించింది బీరప్ప. బీరప్పకు అరవై దాకా నల్ల గొర్రెలు. హనుమంతును బావా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. తాతల నాటి నుంచి వీళ్ల చేలలో ఆ మంద పడుకోవడం, ఆ ఎరువుతో ఈ చేలు పండడం, అంతే.

"కాలవెట్టుడెందుకు బావా, నా గొర్లకెయ్యి. పురుగుతోటి సహా నములుతయి. నీ పనీ అయితది, వాటి కడుపూ నిండుతది."

అప్పటి నుంచి పొద్దున ఏడు గంటలకు గట్టు మీద రెండు గంపల పిలకలు కుప్పగా ఉండేవి. హనుమంతు భార్య సుగుణమ్మ పీకేది, బీరప్ప మంద వచ్చి తినిపోయేది. మూడేళ్లు అట్లా జరిగింది. మేడం ఫోటోలు తీసుకుపోయింది. గట్టు మీద బోర్డు పెట్టించింది. "ఈ చేనులో విషపు మందు లేదు" అని ఆకుపచ్చ రంగుతో రాసింది నేనే. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. అక్షరాలు కుదురుగా వచ్చాయని పెద్దనాయిన వచ్చినవాళ్లందరికీ నా పేరు చెప్పేవాడు.

రెండు వేల ఇరవై రెండు ఏప్రిల్ నెలలో ఆ చేను చూడడానికి బస్సులో రైతులు వస్తున్నారని కబురు వచ్చింది. గద్వాల దిక్కు నుంచి కొందరు, నారాయణపేట దిక్కు నుంచి కొందరు. ఇరవై రెండో తారీకు. హనుమంతు మాట్లాడాలి.

సరిగ్గా ఆ నెల మొదట్లోనే బోరు మోటరు కాలిపోయింది. కాలువ అప్పటికే ఆగిపోయింది, వారం పైన నీళ్లు లేవు. ఎండ మండిపోతోంది. లెక్కపెడితే నూటికి పదమూడు ఎండాయి. నాలుగు రోజులు ఆగి మళ్లీ లెక్కపెట్టాడు. పందొమ్మిది.

ఎన్ని ఎండాయని మేడం ఫోన్ చేసి అడిగింది.

"పన్నెండు," అన్నాడు హనుమంతు.

అదీ మొదటి అబద్ధం. పందొమ్మిది అని చెప్పి ఉంటే ఆమె మరో విడత కార్డులు పంపేది, ట్యాంకరుతో ఒక తడి పెట్టించేది, ఇంకేదో చేసేది. ఆయనకు ఆ సంగతి తెలుసు. అయినా చెప్పలేకపోయాడు. బోర్డు పెట్టుకున్నవాడి చేలో పందొమ్మిది అనడానికి నోరు రాలేదంటాడు.

హోటలు దగ్గర పక్క చేను విజేందర్ ఊరుకోలేదు. చాయ్ గ్లాసు పట్టుకుని అందరూ వినేటట్టు అన్నాడు: "కాకా, నీ చేను ముసల్దైంది. నెత్తంత తెల్లవడ్డది."

అందరూ నవ్వారు. ఎండిన మొవ్వులు దూరానికి నిజంగానే నెరసిన వెంట్రుకల్లా ఉన్నాయి.

"బస్సుల వచ్చేటోళ్లు ఏం సూస్తరు కాకా? నీ బోర్డు సూసి పోతరా? దాని మీదైతే పురుగు వడలే."

హనుమంతు కూడా నవ్వాడు. చాయ్ సగంలో వదిలేసి లేచాడు.

మర్నాడు సుగుణమ్మ అమరచింతలో చెల్లెలి ఇంటికి పోయింది, రెండు రోజుల కోసం. హనుమంతు మక్తల్ బస్సెక్కాడు. తనను ఎరిగిన దుకాణం వదిలేసి, బస్టాండు అవతల ఎన్నడూ పోని దుకాణానికి పోయాడు. ఎండకని తువ్వాలను తలకూ మొహానికీ చుట్టుకున్నాడు. ఎండ నిజమే కాబట్టి ఎవరూ అనుమానించలేదు. గుళికల మందు సంచి ఒకటి తెచ్చాడు. మధ్యాహ్నం, రోడ్డు మీద మనిషి లేని వేళ, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పిలకల మొవ్వుల్లో చిటికెడు చిటికెడు వేసుకుంటూ పోయాడు. చేను చివరి మూలకు రాకముందే సంచి అయిపోయింది. ఆ మూల అట్లాగే వదిలేశాడు.

పేలిక మరిచిపోలేదు. పాత ఎర్ర చీర అంచు చింపి అంగీ జేబులో పెట్టుకునే పోయాడు. గట్టు మొదట్లో నిలబడి జేబులోంచి తీశాడు కూడా. కట్టె పాతాల్సిన చోటుకు, నేను రాసిన బోర్డుకు మధ్య రెండడుగులు కూడా లేదు. ఇటు "విషపు మందు లేదు" అని అక్షరాలు, అటు ఎర్ర పేలిక. రేపు పొద్దున హోటలు దగ్గర విజేందర్ ఏమంటాడో ఆయనకు మాటకు మాట వినబడింది. పేలిక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ సంచిని ఊరి మీదుగా ఇంటికి తీసుకుపోలేక, సాళ్ల మధ్య చెత్త పైకెత్తి దాని కిందికి తోశాడు.

ఆ సాయంత్రం ఏదో పుస్తకం ఇవ్వడానికి వాళ్లింటికి పోయాను. ఆయన జేబులోంచి ఎర్ర గుడ్డ కొస వేలాడుతోంది. చూశాను. ఏమిటని అడగలేదు. పెద్దవాళ్లను అడగడం నాకు అలవాటు లేదు.

సుగుణమ్మ తిరిగి వచ్చాక "రెండు వారాలు పిలకలు పీకకు" అన్నాడు.

"ఎందుకు?"

"మేడం చెప్పింది."

అది రెండో అబద్ధం. పేలిక కట్టకపోయినా పిలకలు గట్టెక్కకుంటే చాలని అనుకున్నాడు. మంద చేలోకి దిగదు, గట్టు మీద కుప్ప ఉంటేనే తింటుంది. రెండు వారాలు కుప్ప లేకుంటే సరి. ఆయన లెక్క అది. సుగుణమ్మ లెక్క వేరు. ఊరు గాని ఊరి నుంచి జనం వస్తుంటే చేను తెల్లగా పెట్టుకుని కూర్చుంటారా ఎవరైనా? మర్నాడు పొద్దున హనుమంతు మోటరు మెకానిక్కును పిలవడానికి పోగానే, ఆమె ఎప్పటిలాగే రెండు గంపలు పీకి గట్టు మీద పోసింది. చేయగలిగినంత శుభ్రం చేశాననుకుని ఇంటికి పోయి వంట చేసుకుంది.

ఆ రోజు మందను తోలుకొచ్చింది బీరప్ప భార్య గుర్వమ్మ. గొర్రె పిల్లలకు మందు తేవడానికి బీరప్ప మక్తల్ పోయాడు. గుర్వమ్మకు మంద కొత్త కాదు. తల్లిగారింట్లో ఉన్నప్పటి నుంచీ చేతిలో కర్రే. ఏ గొర్రె ఏ గొర్రె కడుపున పుట్టిందో నాలుగు తరాలు చెప్పగలదు. ముందు నడిచేవి కుప్ప తిన్నాయి. వెనక వచ్చిన వాటికి మిగల్లేదు. అక్కడి నుంచి జొన్న కోసిన చేను పక్కగా వాగుకు తోలుకుపోయింది.

పదిగంటలకల్లా వాగు ఒడ్డున పదకొండు గొర్రెలు పడిపోయాయి. నోట్లోంచి పచ్చటి నురగ, కాళ్లు కొట్టుకోవడం.

మెకానిక్కుతో తిరిగి వస్తున్న హనుమంతు జనాన్ని చూసి అటు పోయాడు. నురగ రంగు చూడగానే తెలిసిపోయింది. ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. బీరప్ప అప్పుడే ఆటో దిగి పరుగెత్తుకొచ్చాడు.

"జొన్న చిగురు మేపినవా?" అదీ భార్యను అతను అడిగిన మొదటి మాట.

అడగడంలో తప్పు లేదు. ఐదు రోజుల కింద ఒక జల్లు పడింది, చెరుకుకు చాలలేదు గాని. కోసిన జొన్న కొయ్యలు జానెడు చిగురేశాయి. ఆ చిగురు తింటే గొర్రె బతకదని అక్కడున్న అందరికీ తెలుసు.

"దేవుని తోడు, ఒక్కటి గూడ పోలే. నేను అడ్డం నిలవడ్డ. ఆ చేను దాటేదాక అడ్డమే ఉన్న."

"మరి ఎట్ల సచ్చినయి?"

"నాకేమెర్క!"

"ఎండకు కన్ను మూతవడ్డదేమో పాపం," అన్నారెవరో. ఆ పాపం అన్న మాటతో తీర్పు అయిపోయింది. బీరప్ప ఆమె చేతిలోని కర్ర తీసుకున్నాడు. గుంజుకోలేదు, కొట్టలేదు. మెల్లగా తీసుకుని, "ఇగ నువ్వు మందెనుక రావొద్దు," అన్నాడు.

హనుమంతు అక్కడే ఉన్నాడు. నాలుగడుగుల దూరం. జేబులో ఎర్ర పేలిక ఇంకా ఉంది. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే, "సున్నం తెండ్రి" అని. గుంట తవ్వేటప్పుడు అందరికంటే ఎక్కువ మట్టి ఆయనే ఎత్తాడు. పశువుల డాక్టరు వచ్చేసరికి పాతిపెట్టడం కూడా అయిపోయింది. "మంచి మనిషి, తన గొర్లు పోయినట్టే జేసిండు" అని వాళ్లూ వీళ్లూ అనుకున్నారు. ఆ మాట నేనూ విన్నాను. నమ్మాను.

ఇంటికొచ్చాక సుగుణమ్మ కళ్లు తుడుచుకుంటూ అంది: "పొద్దుగాల మన పిలకలు కడుపు నిండ తిని పోయినయయ్యా. గదే ఆఖరి మేతాయె."

ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. గట్టు మీద మిగిలిన నాలుగు ఆకులను ఏరి కాల్చేశాడు. ఇక పిలకలు పీకొద్దని మళ్లీ చెప్పాడు. ఈసారి ఆమె ఎందుకని అడగలేదు.

ఇరవై రెండో తారీకున బస్సు వచ్చింది. చేను పచ్చగా ఉంది. హనుమంతు చెత్త గురించి, కార్డుల గురించి, నూరు పిలకల లెక్క గురించి చెప్పాడు. కార్డును తలకిందులుగా పట్టుకుని చూపిస్తుంటే మేడం కొత్తమంది ముందు బెరుకేమో అనుకుంది. శాలువా కప్పారు. బోర్డు ముందు నిలబెట్టి ఫోటో తీశారు. ఆ ఫోటో నా దగ్గర ఉంది. అందులో నా అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆయన ముఖం మాత్రం కిందికి వంగి ఉంది.

మంద వెనక పోవద్దన్నాక గుర్వమ్మ కూలికి వచ్చింది. మా ఊళ్లో ఆ కాలంలో పని ఉన్న చెరుకు చేను హనుమంతుదే. రోజూ కలుపు తీస్తూ అదే మాట. ఎవరూ అడగకపోయినా చెప్పేది. "వదినా, నేను అడ్డం నిలవడ్డనే. కర్ర గిట్ల సాపి పట్టుకున్న. ఒక్కటన్న పోతే నాకెర్క కాదా?" సుగుణమ్మ ఊఁ కొట్టేది. ఇంకో కూలామె "పోనీ తియ్యే, ఎన్నిసార్లు జెప్తవు, మాకు పాఠమైంది" అని నవ్వేది. మూడు సాళ్ల అవతల హనుమంతుకు ప్రతి మాటా వినబడేది. ఒకరోజు గుర్వమ్మ గొంతు మారింది. "ఏమో, పోనిచ్చిన్నేమో. ఇందరు అంటుండ్రంటే నాకే కన్ను మూతవడ్డదేమో." ఆ రోజు ఆయన తలనొప్పని ఇంటికొచ్చి పడుకున్నాడు. ఆమె అడ్డం నిలబడ్డానని అన్నన్ని రోజులు తట్టుకున్నానని, తనదే తప్పేమో అన్న రోజు తట్టుకోలేకపోయానని నాతో అన్నాడు.

మే చివరలో ఆయన ఇంకోటి గమనించాడు. గుళికలు అందక వదిలేసిన చివరి మూల కూడా మిగతా చేనులాగే ఉంది. నీళ్లు రాగానే చచ్చిన పిలకల పక్కనుంచి కొత్తవి రెండేసి లేచాయి. చెరుకే సర్దుకుంది. ఎక్కడ మందు పడిందో ఎక్కడ పడలేదో ఆయనకే గుర్తుపట్టరాలేదు. చాలాసేపు ఆ మూలలో కూర్చున్నాడట.

జూన్‌లో బోదెలకు మట్టి ఎగదోస్తున్నారు. గుర్వమ్మ పారకు ఏదో తగిలింది. చెత్తలోంచి లాగితే సంచి. మట్టి దులిపి హనుమంతు దగ్గరికి తీసుకొచ్చింది.

"అన్నా, గిదేందో సూడు."

"పాతది. ఎప్పటిదో."

ఆమెకు చదువు రాదు. సంచి మీది ఎర్రటి విషపు గుర్తు మాత్రం తెలుసు. మా ఊళ్లో అది తెలియనివాళ్లు లేరు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాతదెట్లయితదన్నా? గీ చెత్త మాఘంల పర్సినం. నేనూ వచ్చిన పర్సతందుకు. ఉత్త నేల మీద పర్సినం. ఇది చెత్త కిందికెట్ల వోయె?"

హనుమంతు వంగి బోదె మీది మట్టి సర్దాడు.

"అన్నా, నా దిక్కు సూడు."

ఆయన చూడలేదు. గుర్వమ్మ పార కింద పెట్టింది. నిలబడ్డది నిలబడ్డట్టే బోదె మీద కూలబడింది. సంచి ఒళ్లో పెట్టుకుని అంది: "నేను పోనియ్యలే. జొన్నలకు ఒక్కటి గూడ పోలే."

"పోలే చెల్లె," అన్నాడు హనుమంతు. "నేనే."

ఏమేం చేశాడో చెప్పాడు. మక్తల్ దుకాణం, గుళికలు, కట్టని పేలిక, అన్నీ. పక్క సాలులో సుగుణమ్మ పారతో అట్లాగే ఆగిపోయి వింది. ఆమె తన రెండు చేతులూ చూసుకుంది. "నా చేతుల్తోటి పెట్టిస్తివి గదయ్యా" అంది. ఆ తర్వాత పెద్దమ్మ ఆయనతో నెలరోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టేది, గిన్నె అక్కడ పెట్టి లేచిపోయేది.

గుర్వమ్మ ఏడవలేదు, తిట్టలేదు. లేచి కొంగు దులుపుకుంది.

"నాకు జెప్తే ఏం ఫాయిద అన్నా? నా పేరు యాడ వోయిందో గాడ జెప్పు."

ఆ వారంలోనే హనుమంతు బీరప్ప ఇంటికి పోయాడు. గడప దగ్గర కూర్చున్నాడు. వాన ఎప్పుడొస్తుందో మాట్లాడాడు. జూరాలలో నీళ్లెంతో మాట్లాడాడు. "బావా, ఇంకేందన్న ఉన్నదా?" అని బీరప్పే అడిగాడు. "ఏం లేదు బావా," అని లేచి వచ్చాడు. లోపల గుర్వమ్మ జొన్న రొట్టెలు చేస్తోంది. ఆయన మాట్లాడినంతసేపూ రొట్టె చప్పుడు ఆగిందని, ఆయన లేవగానే మళ్లీ మొదలైందని చెప్పాడు.

వానలు మొదలయ్యే ముందు గొర్రెల ఉన్ని కత్తిరిస్తారు. ఆ రోజు చుట్టుపక్కల గొర్రెలవాళ్లంతా ఒకచోట చేరతారు. ఆ ఏడు బీరప్ప దొడ్డిలో. పొద్దున ఎనిమిదింటికి ఇరవై మంది కత్తెరలతో కూర్చున్నారు. నల్ల ఉన్ని కుప్పలు పడుతున్నాయి. హనుమంతు ఒక చేతిలో ఆ సంచి, ఇంకో చేతిలో ఎర్ర పేలిక పట్టుకుని దొడ్డిలోకి వచ్చాడు.

"ఏంది బావా, నువ్వు గూడ కత్తిరిస్తవా? నెత్తి కత్తిరించుకొని రాపో ముందుగాల!" అన్నాడొకాయన. నవ్వులు లేచాయి.

"జర ఆగుండ్రి," అన్నాడు హనుమంతు. ఎవరూ ఆగలేదు. మళ్లీ అన్నాడు. "వాగు కాడ గొర్లను సంపింది గుర్వమ్మ కాదు. నేను. గీ మందు నేనేసిన. గీ పేలిక కట్టలే. బోర్డు పక్కన కట్టనీకి సిగ్గయింది. అవి మా గట్టు మీది పిలకలు తిని సచ్చినయి. జొన్న చేన్ల ఒక్కటి గూడ అడుగు వెట్టలే."

కత్తెరల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. సగం కత్తిరించిన గొర్రె ఒకటి లేచి, ఉన్ని వేలాడేసుకుంటూ అవతలికి పరుగెత్తింది. పట్టుకోవడానికి ఎవరూ లేవలేదు.

బీరప్ప కత్తెర కింద పెట్టాడు. "గొర్లు పోయినయి, మల్ల ఈనుతయి," అన్నాడు. "రెండు నెలలాయె బావా, నేను ఆమెను దొంగను సూసినట్టు సూడవట్టి. నువ్వు మా ఇంట్ల కూసొని వాన ముచ్చట జెప్పి పోతివి."

హనుమంతు సంచిని, పేలికను నేల మీద పెట్టాడు. "నా చేన్ల ఇగ మందు పడదు. పిలకలు ఎప్పటిలెక్క గట్టు మీదేస్త. నమ్మకం లేకుంటే, ముందుగాల నేనే తింట. తిన్నంకనే ఏస్త" అన్నాడు.

దొడ్డి గుమ్మం దగ్గర నిలబడ్డ గుర్వమ్మ అప్పుడు ఒక్క మాట అంది.

"తిను మరి."

కొందరు నవ్వబోయి ఆగిపోయారు. బీరప్ప లేచి గోడకు ఆనించిన కర్ర తెచ్చి భార్య ముందు పట్టుకున్నాడు. ఆమె వెంటనే తీసుకోలేదు. "గా రోజు నలుగురి నడుమ తీస్కుంటివి" అంది. అతను తల దించుకున్నాడు. "ఇయ్యాల గూడ నలుగురి నడుమనే ఇస్తున్న" అన్నాడు. అప్పుడు తీసుకుంది.

సంగతి మధ్యాహ్నానికల్లా హోటలు దాకా పోయింది. విజేందర్ ఏదో అనబోతే, హోటలామె "చాయ్ తాగి పో" అని గదమాయించిందట. కరుణ మేడం దగ్గరికి హనుమంతే పోయి చెప్పాడు. పందొమ్మిది సంగతి కూడా చెప్పాడు. ఆమె కోప్పడి ఉంటే బాగుండేదంటాడు. "నాతోటి చెప్పేంత నమ్మకం నేను ఇయ్యలేదేమో పెద్దాయనా" అందట. బోర్డు ఆయనే పీకాడు. రేకును ఇంటికి తెచ్చి, అక్షరాలు గోడ వైపు ఉండేట్టు పశువుల కొట్టంలో ఆనించాడు. నేను చూస్తానని అట్లా తిప్పి పెట్టాడని పెద్దమ్మ తర్వాత చెప్పింది.

బీరప్పకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. మంద వెనక గుర్వమ్మే పోతుంది. పొద్దున ఏడింటికి రోడ్డు అవతలి కాలువ గట్టు మీదుగా తోలుకుపోతుంది. ఆ దారి కొంచెం చుట్టు.

హనుమంతుకు ఇప్పుడు అరవై రెండేళ్లు. ఎకరన్నర చెరుకు పెడతాడు. చెత్త పరుస్తాడు, కార్డులు కడతాడు, ఎన్ని ఎండితే అన్నీ మేడంకు చెప్తాడు. ప్రతి పొద్దునా మొదటి పిలక తాను తిని, మిగతావి గట్టు మీద కుప్ప పోస్తాడు. సాయంత్రానికి అవి ఎండిపోతాయి. గుర్వమ్మ మంద ఆ గట్టు దగ్గర ఇంతవరకు ఆగలేదు.